ఆరు సెకన్ల మైలిస్

మా అక్క మైలిస్ "అవును" అనే మాట నోటితో అనగా నేను బుద్ధెరిగాక వినలేదు. దేశానికి ఉత్తరాన, మా వైపు ఎవరూ అనరు. పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి చటుక్కున లోపలికి లాగుతాం, "ష్షుప్" అని. అంటే అవునన్నట్టే. కాఫీ పొయ్యనా? ష్షుప్. రేపు మంచు పడుతుందంటావా? ష్షుప్. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని మా బావ ఈవార్ అడిగినప్పుడు మా అక్క చెప్పిన జవాబు కూడా అదే. ఆ ముక్క చెప్పుకుని ఆయన పోయేదాకా మురిసిపోయేవాడు. స్టాక్‌హోమ్ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం అది విని, ఈవిడకి ఉబ్బసమా, మంచినీళ్ళు తేవాలా అని కంగారుపడిపోతారు. వాళ్ళ మొహం!

మొన్న దేశమంతా ఆ ఊపిరి చూసి పడీ పడీ నవ్వింది. అలా నవ్వించింది పరాయివాళ్ళు కాదు, నా చేతుల మీద పని నేర్చుకున్న పిల్ల. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను యాడ్ సినిమాలు తీస్తాను. మా వైపు పట్నం ఊమెయోలో నాకో చిన్న ఆఫీసు ఉంది. పాల డబ్బాలు, ఉన్ని మేజోళ్ళు, మంచు తోసే బళ్ళు, ఆఖరికి శవపేటికలు కూడా, నేను తీయని సరుకు లేదు. ఒకప్పుడు ఈ పని సుళువుగా ఉండేది. ఒక నిమిషం సినిమా తీసేవాళ్ళం, హాల్లో అసలు సినిమాకి ముందు వేసేవాళ్ళు, అందులో సగం కోసి టీవీకి ఇచ్చేవాళ్ళం. జనం కుర్చీల్లో కూర్చుని ఉండేవాళ్ళు, ఎక్కడికి పోతారు? ఇప్పుడు చూసేవాడు బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఫోన్‌ని పైకి తోస్తూ ఉంటాడు. ఆ బొటనవేలు ఆగాలి. కళ్ళు మూసి తెరిచేలోగా ఆగకపోతే నువ్వూ లేవు, నీ సరుకూ లేదు. పైగా శబ్దం కట్టేసి చూస్తాడు మహానుభావుడు. అందుకని ప్రతి మాటా అక్షరాలై బొమ్మ మీదకి ఎక్కి కూర్చోవాలి. నా కెమెరా అడ్డం, వాడి ఫోన్ నిలువు. అడ్డంగా తీసినదాన్ని నిలువుగా కోస్తే పక్కనున్న మనిషి ఎగిరిపోతుంది.

ఇవన్నీ నాకు నూరిపోసింది యోన్నా. మాకు పక్క ఊరి పిల్ల. చదువు మధ్యలో ఆపేసి నా దగ్గరికి పనికొస్తే, తీగలు చుట్టడం దగ్గర్నుంచి సినిమా కోసి అతకడం దాకా అన్నీ నేర్పాను. వేసవి వస్తే మా అక్క ఇంట్లోనే పడుండేది, మా అక్క చేతి రొట్టె మీద వెన్న రాసుకుని తింటూ. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లో పెద్ద యాడ్ కంపెనీలో పెద్ద కుర్చీ. ఒక సినిమాని ముక్కలు ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎవరి ఫోన్‌లోకి పోవాలో తేల్చడం ఆమె ఉద్యోగం. మాట తీరు కూడా మార్చేసుకుంది, అక్కడివాళ్ళలా రాగం తీస్తూ మాట్లాడుతుంది. పోనీలే, బతుకుతెరువు అనుకున్నాను.

చలికాలం నడిమధ్య ఫోన్ చేసింది.

"హిల్లెవీ, నీకో పని. పల్చరొట్టెల కంపెనీ వాళ్ళు మన వైపు మొహాలు కావాలంటున్నారు. నిజమైన ముసలమ్మ, నిజమైన పొయ్యి."

"నిజమైన ముసలమ్మా? అద్దెకి దొరుకుతారా ఏంటే?"

"వేళాకోళం ఆపు. నాకు మైలిస్ కావాలి."

"మా అక్కా? కెమెరా ముందా? ఆవిడ బెల్లం కొట్టిన రాయి. డాక్టరు ముందే నోరు తెరవదు."

"అందుకే కావాలి," అంది యోన్నా. "మాట్లాడనివాళ్ళ మొహమే చూడబుద్ధేస్తుంది."

నాకు ఆ పిల్ల ముద్దొచ్చింది ఆ క్షణాన. ఎంత బాగా అర్థం చేసుకుంది అనుకున్నాను. నా బొంద!

అసలు సంగతి ఏంటంటే, పల్చరొట్టె ఒక్కరు చేసేది కాదు. ఒకరు బల్ల దగ్గర గాట్ల కర్రతో ఒత్తాలి, ఒకరు పొయ్యి ముందు నిలబడి పొడుగు కర్రతో తిప్పాలి. ఊరి రొట్టెలింట్లో మా అక్క ఒత్తేది, ఎదురింటి రూనా తిప్పేది. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అదే జంట. ఈవార్ బావ పోయినప్పుడు రూనా అంత్యక్రియలకి రాలేదు. చర్చిలో అక్క పక్కన ఆమె కోసం వదిలిన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఎందుకు రాలేదో రూనా చెప్పలేదు, అక్క అడగలేదు. అంతే, మాటలు పడిపోయాయి. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. పొద్దున లేస్తే ఒకరి కిటికీ ఒకరికి కనబడుతుంది, అయినా ఇద్దరూ మొండిఘటాలే. రొట్టెలింటి పొయ్యి చల్లబడిపోయింది. అక్క కొట్లో రొట్టె కొనుక్కుని, ఎవరూ చూడకుండా సంచి అడుగున దాచుకుని తెచ్చుకునేది.

ఈ ఏడు రూనా ఇల్లు అమ్మకానికి పెట్టింది. దక్షిణాన కూతురి దగ్గరికి వెళ్ళిపోతుందట. ఆ బోర్డు చూసినప్పట్నుంచీ అక్క కిటికీ తెర వెయ్యడం మానేసింది. నాకు తెలుసు అదేమిటో.

సరే, అక్క దగ్గరికి వెళ్ళాను. మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్క వేసి నా ముందు పెట్టింది. సంగతి చెప్పాను.

"నాకెందుకే ఈ వయసులో వేషాలు?" అంది.

"వేషం కాదక్కా. నువ్వు పిండి ఒత్తు, నేనో ప్రశ్న అడుగుతాను, బుద్ధయితే చెప్పు."

"ఏం ప్రశ్న?"

"రూనా గురించి."

చెంచా కప్పులో తిప్పుతూనే ఉండిపోయింది, ఎంతసేపో. చక్కెర వెయ్యని కాఫీలో ఏం తిప్పుతుందో మరి.

"నేను వెళ్ళి ఆ తలుపు కొట్టలేనే," అంది చివరికి. "కాళ్ళు రావు. కానీ నువ్వడిగితే... కెమెరాకైతే చెప్తాను. ఒక్క షరతు. ముందు రూనా చూడాలి. ఊళ్ళోవాళ్ళ కంటే, టీవీ కంటే ముందు. ఈలోపు నువ్వు దానికి నోటిమాటగా ఏమీ చెప్పకూడదు. నా దగ్గర్నుంచే దానికి తెలియాలి."

"ఒట్టు," అన్నాను.

ఎదురింటికి వెళ్ళాను. రూనా అట్టపెట్టెల మధ్య కూర్చుని పింగాణీ కప్పుల్ని పాత పేపర్లో చుడుతోంది. సినిమాలో నీ పేరు వస్తుంది, ఫర్వాలేదా అని అడిగాను.

"నా పేరా? ఆవిడ నోటా? అంత అదృష్టమా!" అని మూతి తిప్పింది. తర్వాత కప్పు కింద పెట్టేసింది. "కొనేవాళ్ళు వచ్చి చూసుకుపోయారు హిల్లెవీ. మా అమ్మాయి సంతకం పెట్టెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. నేనే ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తున్నా. ఆ సినిమా ఏదో చూశాకే పెడతాలే."

"ఉండమంటే ఉంటావా?"

"ముందు అననీ," అంది రూనా. "నువ్వు మధ్యలో దూరి ఏం చెప్పకు. చెబితే నువ్వు కల్పించావనుకుంటాను."

అదీ విషయం. ఇద్దరు ముసలమ్మల మొండితనం కలిపి నా నోటికి తాళం వేశారు.

రొట్టెలింట్లో పొయ్యి వెలిగించి తీశాను. అక్క ఒంటి నిండా పిండి. రెండో మనిషి నిలబడే చోటు అలాగే ఖాళీగా ఉంచి అడ్డంగా పట్టాను బొమ్మ, ఎడమ పక్క అక్క, కుడి పక్క మంట. నేను కెమెరా వెనక నుంచి అడిగాను: "అక్కా, రూనా వెళ్ళిపోకుండా ఇక్కడే ఉండి, నీతో మళ్ళీ రొట్టె చెయ్యాలని ఉందా నీకు?"

అక్క చేతులు ఆగాయి. ఖాళీ చోటు వైపు చూసింది. కనుబొమలు పైకి లేచాయి. ష్షుప్.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను శవపేటికల యాడ్ తీసినప్పుడు కూడా ఏడవలేదు.

నిమిషం సినిమా కోసి పంపాను. చివర ఒకటే మాట: "ఇది ఇద్దరు చేసే రొట్టె." యోన్నా ఫోన్ చేసి బాగా ఏడ్చానంది. "ఆ ఊపిరి దగ్గర నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది," అంది కూడా. తర్వాత, "నువ్వు తీసిన బొమ్మ మొత్తం, కొయ్యనిది కూడా పంపు. ఫోన్లకి నిలువు ముక్కలు కావాలి, తర్వాత చేసుకుంటాం," అంది.

"యోన్నా, మార్చి రెండో శనివారం మా ఊరి హాల్లో రూనాకి చూపించేదాకా ఒక్క ముక్క బయటికి పోకూడదు. చిలక్కి చెప్పినట్టు చెప్తున్నా."

"నాకు చెప్పాలా? మైలిస్ నాకు మాత్రం ఎవరు?" అంది.

పంపేశాను. ఎవరికి పంపుతున్నాను, నా పిల్లకేగా!

ఆ శనివారానికి ముందు రోజు అక్కని తీసుకుని కొట్టుకెళ్ళాను, హాల్లో పెట్టడానికి బన్నులూ కాఫీపొడీ కొనాలని. గల్లా దగ్గర బిర్గెర్ కూర్చునున్నాడు. ఆయన ఊళ్ళో పుట్టి ఊళ్ళో పెరిగిన మనిషి. అక్కని చూడగానే కళ్ళు ఇంతింత చేసి, గుండె మీద చెయ్యేసుకుని, నోరు సున్నా చుట్టి, "హాఁ! చచ్చినా వద్దు!" అని అరిచాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

అక్క నా వైపు చూసింది. నేను బిర్గెర్ వైపు చూశాను.

"ఏంటిది? మందెక్కువైందా పొద్దున్నే?"

"అదేంటి హిల్లెవీ, నువ్వు తీసిందేగా! మా మనవరాలు చూపించింది. మైలిస్ ఇప్పుడు పెద్ద స్టారు," అని ఫోన్ తీసి చూపించాడు.

ఆరు సెకన్లు. నిలువు బొమ్మ. పొయ్యి లేదు, ఖాళీ చోటు లేదు, మా అక్క మొహం ఒక్కటే, ఫోన్ నిండా. పైన పెద్ద అక్షరాలు: "రూనాతో కలిసి రొట్టె చేస్తావా?" అక్క కనుబొమలు లేచాయి, నోరు చుట్టింది. అక్కడ బొమ్మని నెమ్మది చేసి, మొహాన్ని ఇంకా ముందుకి లాగి, కింద రాశారు: "చచ్చినా వద్దు!" వెంటనే రొట్టె పొట్లం, చిన్నది. "ఒక్కరికి సరిపడా. ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు."

ఊపిరి చప్పుడు తీసేశారు. దాని చోట ఏదో బూర ఊదినట్టు వెకిలి శబ్దం. అదీ ఎవరూ వినరు, అది వేరే సంగతి.

"బిర్గెర్," అన్నాను, "నువ్వు అవునంటే ఎలా అంటావు?"

"ష్షుప్," అన్నాడు అలవాటుగా. అని, ఆగిపోయాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. మొహం పాలిపోయింది. "అవును కదూ! నేను... ఆ అక్షరాలు చదివాను హిల్లెవీ. ఆవిడని చూడలేదు."

అక్క బన్నుల సంచి గల్లా బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది. మంచు మీద జారే తన తోపుడు బండి తీసుకుని, నా కారు ఎక్కకుండా, రోడ్డు వెంబడి తోసుకుంటూ వెళ్ళిపోయింది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నుంచి తిరుగుతోంది ఇది?" అని అడిగాను.

"బుధవారం," అన్నాడు బిర్గెర్.

రూనాకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. వెళ్ళి తలుపు బాదాను, ఇంట్లో లేదు. ఊమెయో వెళ్ళిందట. "రూనా, ఆ ఫోన్‌లోది అబద్ధం. అక్క అలా అనలేదు. రేపు హాలుకి రా, నీ చెవులతో విను," అని ఫోన్‌లో మాట వదిలి, కార్లో కూర్చుని యోన్నాకి చేశాను. ఎవరో దక్షిణాది దద్దమ్మ తెలియక చేసిన పని అనే అనుకున్నాను అప్పటికి. దేవుడి తోడు, అలాగే అనుకున్నాను.

"హిల్లెవీ! నేనే చేద్దామనుకుంటున్నా," అంది ఉత్సాహంగా. "అంకెలు చూశావా?"

"అంకెలు తీసుకెళ్ళి గంగలో కలుపు. ఆ అక్షరాలు రాసిన తలమాసినవాడెవడు? అవునన్న మనిషి నోట్లో చచ్చినా వద్దని పెడతాడా? మీ ఆఫీసులో ఒక్కడికైనా నిన్ను అడగాలని తోచలేదా?"

"అడిగారు," అంది.

"ఏమని?"

"ఈవిడ ఏమంటోంది, ఇది భయమా, ఆశ్చర్యమా అని."

"నువ్వేం చెప్పావు?"

ఆఫీసు తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

"యోన్నా. అది అవునని నీకు తెలుసుగా?"

ఆ పిల్ల స్టాక్‌హోమ్ వెళ్ళాక ఆ శబ్దం ఆమె నోట నేను ఒక్కసారీ వినలేదు. చెరిపేసుకుందనుకున్నాను. కానీ దొరికిపోయిన మనిషికి అలవాటు ముందు వస్తుంది కాబోలు. ఫోన్‌లో స్పష్టంగా వినబడింది.

ష్షుప్.

నమ్మించి గొంతు కొయ్యడం అంటే ఏమిటో నాకు ఆ ఊపిరితో తెలిసింది.

"నా మాట విను," అని మొదలుపెట్టింది, గబగబా. "చాలా రకాలుగా కోసి కొద్దిమందికి వదిలి చూశాం. ఇప్పుడు పని అలాగే జరుగుతుంది, నీకు తెలుసు. అవునన్న ముక్క కూడా పెట్టాను హిల్లెవీ, నిజంగా. ఒక్క బొటనవేలు ఆగలేదు. ఇది పెడితే ఆగాయి. నేను ఎంచుకోలేదు, చూసేవాళ్ళే ఎంచుకున్నారు. పరీక్ష కోసం వదిలింది దానంతట అదే పాకిపోయింది."

"పరీక్షకైనా ముందు రూనా చూడాలన్నాను."

"ఇప్పుడు ముందు ముక్కలు పోతాయి, వెనకాల సినిమా పోతుంది. అది మారదు. శనివారం దాకా ఆపుదామంటే కంపెనీవాళ్ళు..."

"రూనా పేరైనా తీసెయ్యలేకపోయావా?"

"పేరుంటేనే నిజంలా ఉంటుంది," అంది. ఆ తర్వాత గొంతు కాస్త గట్టిపడింది. "నువ్వే నేర్పావు హిల్లెవీ. మొహం దొరికితే చాలు, మాటలు తర్వాత రాసుకోవచ్చని."

"నేర్పాను. సబ్బుల కోసం నేర్పాను. నీకు అన్నం పెట్టిన మనిషి మొహం మీద రాయమని కాదు. తీసెయ్యి దాన్ని. ఇప్పుడే."

"తీసేస్తాను. కానీ లాభం లేదు. జనం దాన్ని పట్టుకుని ఎవరికివాళ్ళు సొంతంగా చేసుకుంటున్నారు. ఇంకెక్కడని తీస్తాం?"

ఫోన్ పెట్టేశాను. ఇంకేం మాట్లాడతాను? ఇంకెవరైనా చేసుంటే తిట్టి కడుపు చల్లార్చుకునేదాన్ని. తెలియని వెధవని తిట్టొచ్చు. తెలిసి చేసినదాన్ని ఏమని తిట్టాలి?

మర్నాడు మధ్యాహ్నం ఊరి హాలు నిండిపోయింది. మామూలుగా అయితే సగం కుర్చీలు ఖాళీ, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా దిగారు, ఆరు సెకన్ల మైలిస్‌ని చూడ్డానికి. అక్కని బతిమాలి తీసుకొచ్చాను. "పూర్తి సినిమా చూస్తే అందరికీ తెలుస్తుంది అక్కా, చప్పుడుతో సహా వినబడుతుంది. మనవాళ్ళేగా, అర్థం కాకుండా ఎలా ఉంటుంది?" అన్నాను. నేను నమ్మే అన్నాను. ఈ గడ్డ మీద అందరూ ఆ ఊపిరితోనే బతుకుతారు కదా!

దీపాలు ఆర్పేముందు వెనక తలుపు తెరుచుకుంది. రూనా. కోటు విప్పకుండా చివరి వరసలో కూర్చుంది. నా ప్రాణం లేచొచ్చింది.

సినిమా మొదలైంది. పొయ్యి, మంట, అక్క చేతులు, పిండి మీద గాట్ల కర్ర దొర్లే చప్పుడు. హాలంతా కిక్కురుమనకుండా ఉంది. నా గొంతు వినబడింది: "రూనా వెళ్ళిపోకుండా ఇక్కడే ఉండి, నీతో మళ్ళీ రొట్టె చెయ్యాలని ఉందా నీకు?" తెర మీద అక్క ఖాళీ చోటు వైపు చూసింది. కనుబొమలు లేచాయి.

ఎవరో ముందు వరసలో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే హాలు మొత్తం భళ్ళుమంది. పెద్ద తెర మీద ఆ మొహం వచ్చేసరికి ఆగలేకపోయారు. నా ఊరివాళ్ళు, రోజూ అలాగే అవునంటూ బతికేవాళ్ళు, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వెనకాల ఒకడు "చచ్చినా వద్దు!" అని కేక కూడా వేశాడు. అక్క ఊపిరి ఆ నవ్వులో ఎక్కడో కలిసిపోయింది. ఒక్కరూ వినలేదు. చెడ్డవాళ్ళు కాదు వాళ్ళు. వారమంతా ఫోన్‌లో అదే చూశారు, వాళ్ళ కళ్ళకి ఇప్పుడు ఇంకోటి కనబడదు.

దీపాలు వెయ్యమని అరిచాను. వెలుగొచ్చేసరికి మా అక్క లేచి నిలబడి ఉంది. పెళ్ళిలో కూడా నలుగురి ముందు నోరు విప్పని మనిషి. కుర్చీ వీపు రెండు చేతుల్తో పట్టుకుని, వెనక్కి తిరిగి, ఆ నవ్వులన్నిటి మీదుగా చివరి వరసలోకి చూసింది.

"వెళ్ళకు రూనా," అంది.

నవ్వు ఒక్కో వరసా ఆగిపోతూ వచ్చింది. బిర్గెర్ తల దించుకున్నాడు.

"నాకు నువ్వు కావాలి," అంది అక్క. "నువ్వు ఎందుకు రాలేదో నాకు అక్కర్లేదు. చెప్పకపోయినా ఫర్వాలేదు. ఉండిపో."

రూనా లేచింది. మొహమంతా తడిసిపోయింది, తుడుచుకోలేదు. నడుచుకుంటూ అక్క ముందుకొచ్చి నిలబడింది. ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం ఈవార్ పోయాక అదే మొదలు.

"నేను ఫోన్‌లో చూసింది బుధవారం," అంది. "రాత్రంతా చూస్తూనే ఉన్నాను. గురువారం వెళ్ళి సంతకం పెట్టేశాను మైలిస్. ఇల్లు వాళ్ళదైపోయింది."

"వెనక్కి తీసుకోరాదా?"

"పెట్టాక అవదు. నిన్న ఆ కాగితాల పని మీదే ఊమెయో వెళ్ళాను. హిల్లెవీ ఫోన్‌లో చెప్పింది విని కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి బతిమాలాను. కుర్రజంట. వాళ్ళూ తమ ఇల్లు అమ్మేసుకున్నారట, పిల్ల కడుపుతో ఉంది. ఏమని అడగను?"

అక్క రూనా కోటు మెడ మీద ఏదో నలకుంటే తీసింది. చెయ్యి అక్కడే ఉంచేసింది.

"రోడ్డు దాటి వచ్చి తలుపు కొట్టి, నిజమేనా అని నన్ను అడగాల్సింది," అంది.

"నువ్వు మాత్రం కొట్టావా?" అంది రూనా.

హాల్లో ఎవరూ కదలడం లేదు. కాఫీ పాత్ర ఒక్కటే మూలన బుసబుసమంటోంది. నేను ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. యోన్నా సంగతి, పరీక్షల సంగతి, బొటనవేళ్ళ సంగతి, నాకు తెలియకుండానే అంతా జరిగిపోయిన సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఎలాగైనా తప్పు నాది కాదని ఆ ఇద్దరికీ తెలియాలి కదా!

అక్క నన్ను చెప్పనివ్వలేదు. కోపం కూడా లేదు ఆ మొహంలో, అదుంటే బాగుండేది.

"మాకు నోళ్ళు లేకే నిన్ను నమ్ముకున్నామే హిల్లెవీ," అంది.